ఊక కింద ఐసు

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడగరు. కనిపెట్టి చూస్తారు. అత్తయ్య ఊరి నుంచి అరిసెల డబ్బా పంపిస్తే, దారిలో ఎన్ని తగ్గాయో అని అమ్మ మూత తియ్యకముందే డబ్బా చేత్తో ఎత్తి బరువు చూసేది. నాన్నగారు కూరగాయల కొట్టులో తక్కెడ వైపు చూసేవారు కాదు, తక్కెడ పట్టుకున్నవాడి బొటనవేలి వైపు చూసేవారు. పక్కింటావిడ ఊరికే పలకరించినా, ఈవిడకు మనతో ఏం పని పడిందా అని ఆలోచించడం నాకు ఐదో తరగతిలోనే వచ్చేసింది. గొప్పకు చెప్పడం లేదు. అది నా బుద్ధి. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోయిందని ఎవరైనా అంటే వాళ్ళ మీదే నాకు అనుమానం వస్తుంది.

మాది కైకలూరులో ఐసు కొట్టు. చెరువుల్లో చేపలు పట్టిన పొద్దున వ్యాపారులు మా దగ్గరికి వచ్చి ఐసు తూయించుకుని, పెట్టెల్లో చేపల మధ్య దట్టించి లారీలకెక్కిస్తారు. మేం ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెచ్చి, పగలగొట్టి, కొట్టు వెనకాల ఇటుక గదిలో గుట్టగా పోసి, చుట్టూ పైనా వరి ఊక జానెడు మందాన కప్పి, దాని మీద గోనె సంచులు పరుస్తాం. ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయి కొన్ని గంటల్లోనే ఒకే ముద్దవుతాయి. అందుకే మా సరుకును లెక్కపెట్టడం కుదరదు. గునపంతో మళ్ళీ పగలగొట్టి కాటా మీద పెట్టాల్సిందే.

ఆ గది మొత్తం బాబాయి చూసుకునేవాడు. బంధువు కాదు, కొల్లేటి లంక ఊరి నుంచి రోజూ సైకిల్ మీద వచ్చి మా కొట్టులో పనిచేసేవాడు. నేను పుట్టకముందు నుంచీ ఉన్నాడు కాబట్టి నాకు బాబాయి. నన్ను ఖాళీ చేపల పెట్టెలో కూర్చోబెట్టి కొట్టంతా లాగి తిప్పిన మనిషి. నన్ను ‘పాపా’ అనేవాడు, ‘నువ్వు’ అనేవాడు. ఇంకెవరైనా అలా అంటే నాన్నగారు ఊరుకునేవారు కాదు. బాబాయికి ఒక పద్ధతుండేది. ఆ రోజుకు కావలసిన ఐసంతా పొద్దున్నే ఒక్కసారి తీసేవాడు. తర్వాత తలుపు మూసి, తలుపుకు తడి గోనె కట్టేవాడు. మర్నాడు పొద్దుటి దాకా ఎంత పెద్ద వ్యాపారి వచ్చి అడిగినా తీసేవాడు కాదు. బేరం పోతోందని నాన్నగారు విసుక్కునేవారు.

నేను ఏలూరులో బీఎస్సీ కెమిస్ట్రీలో చేరాను. రోజూ బస్సులో కొల్లేరు మీదుగా వెళ్ళి రావడం. ఆ ఏడాది మాకు థర్మోడైనమిక్స్ మొదలైంది. చెప్పే మేడమ్ మెల్లగా మాట్లాడే మనిషి. కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడేవారు. మొదటి రోజే బోర్డు మీద ఒక గుండ్రని గీత గీసి, “లోపలున్నది సిస్టమ్, బయటున్నది సరౌండింగ్స్. ముందు ఈ హద్దు ఎక్కడ గీస్తున్నారో చెప్పండి, తర్వాతే లెక్క” అన్నారు. బయటితో ఏ సంబంధమూ లేని ఐసొలేటెడ్ సిస్టమ్ అని ఒకటుంటుందన్నారు. నేను లేచి, “అలాంటిది ఎవరైనా చూశారా మేడమ్?” అని అడిగాను. క్లాసంతా నవ్వింది. “ఎవరూ చూడలేదమ్మా. దాన్ని ఊహించుకుంటాం” అన్నారు. నాకు సగం నమ్మకం అప్పుడే పోయింది.

పదార్థంలో దాగి ఉండే వేడి లాంటిది, ఎంథాల్పీ, దాని దగ్గరికి వచ్చేసరికి మిగతా సగమూ పోయింది. ఒక పదార్థంలో అది మొత్తం ఎంత ఉందో చెప్పలేమట, ఎంత మారిందో మాత్రమే చెప్పగలమట. మా బజార్లో అలా మాట్లాడేవాడికి ఎవరూ సరుకు ఇవ్వరు. అయితే మొదటి నియమం మాత్రం నాకు చాలా నచ్చింది. శక్తి పుట్టదు, నశించదు. ఒకచోట తగ్గితే ఇంకోచోట అంతే పెరిగి ఉండాలి. ఇది మా నాన్నగారి మాటే. తగ్గిందంటే ఎవరి దగ్గరో ఉందనే ఆయన నమ్మకం. ఏలూరు దాకా వెళ్ళి ఇంగ్లీషులో చదువుకుంటే ఇంట్లో విన్నదే సైన్సని తేలింది. ఆ గర్వమే కొంప ముంచింది.

ఆ ఎండాకాలం మొదట్లో ఐసు తగ్గడం మొదలైంది. కరగడం మామూలే, కానీ ఏటా కరిగేదానికన్నా ఎక్కువ పోతోంది. అంతకు కొద్ది రోజుల ముందు బాబాయి, “ఊక మార్చాలండి, తడిసిపోయి ముద్దయిపోయింది” అని నాన్నగారితో అన్నాడు. ఊక తెచ్చే మిల్లువాడితో ఇతనికేదో లోపాయికారీ ఉందనుకున్నారు నాన్నగారు. “అడిగినప్పుడల్లా మార్చడానికి ఊకేమన్నా ఊరికే వస్తోందా? మళ్ళీ ఆ మాటెత్తకు” అన్నారు. బాబాయి మళ్ళీ ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే నేనొకటి చూశాను. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి బస్సు దిగుతుంటే, బాబాయి సైకిల్ మీద ఇంటికి పోతున్నాడు. వెనకాల క్యారియర్ మీద నిండా ఒక గోనె సంచి. అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. రోడ్డు మీద సన్నగా తడి గీత పడింది. మర్నాడూ అంతే. మూడో రోజు నేను కావాలనే బస్టాండులో నిలబడి చూశాను. ‘బాబాయీ, ఆ సంచిలో ఏముంది?’ అని నోరు తెరిచి ఒక్కమాట అడిగితే సరిపోయేది. అడగలేదు. ఇంటికి వచ్చి నాన్నగారికి చెప్పాను.

అప్పటినుంచీ మా కొట్టు కొట్టులా లేదు. ఐసు గదికి రెండో తాళం పడింది, దాని చెవి నాన్నగారి మొలతాడుకు ఎక్కింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మూడుసార్లు ఊక పక్కకు లాగించి, ముద్ద పగలగొట్టించి, ఐసంతా కాటా మీద పెట్టించేవారు. బాబాయి చేతే తీయించి బాబాయి చేతే తూయించేవారు. “ఇన్నిసార్లు కదపకూడదండి, నిలవదండి” అని ఒకసారి బాబాయి అన్నాడు. కాటాకు భయపడుతున్నాడంటే తప్పు చేసినట్టేనని ఇంట్లో అనుకున్నాం. తూచిన ప్రతిసారీ తరుగు ఇంకా పెరిగింది. సాయంత్రం సంచి మాత్రం అలాగే సైకిలెక్కేది; విప్పించి చూస్తే జాగ్రత్తపడతాడని, తూకంలోనే పట్టాలని నాన్నగారి పంతం. ఇంత కాపలాలోనూ తీసుకుపోతున్నాడంటే ఎంత గుండెలు తీసిన బంటో అన్నారు నాన్నగారు.

“ఊరికే అనుమానించడం ఎందుకండి నాన్నగారూ, నేను లెక్క కట్టి తేలుస్తాను” అన్నాను.

ఒక ఆదివారం తాడేపల్లిగూడెం వెళ్ళి, మా మేనమామగారి రైసు మిల్లు నుంచి ఊక ఒక బస్తా తెచ్చుకున్నాను. అప్పుడే మర నుంచి రాలిన ఊక, చేతిలో గలగలమంటోంది. చేపల థర్మోకోల్ పెట్టెలో ఐసు ముక్క తూచి పెట్టి, చుట్టూ ఆ ఊక దట్టించి, మూత వేసి, హాల్లో ఒక మూల పెట్టాను. ఒక రోజంతా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మర్నాడు మళ్ళీ తూచాను. కరిగిన బరువును గుప్తోష్ణంతో, అంటే గ్రాము ఐసు కరగడానికి పట్టే వేడితో గుణించి ఎంత వేడి లోపలికొచ్చిందో కట్టాను. దాన్ని పెట్టె ఉపరితలంతో భాగించి మా గది ఉపరితలానికి పెంచాను. ఎంత జాగ్రత్తగా చేశానంటే దశాంశాలు కూడా వదల్లేదు. నా లెక్క ప్రకారం గదిలో తగ్గినదాంట్లో మూడో వంతు మాత్రమే కరిగి ఉండాలి. మిగిలిన దాని పక్కన ‘కరిగింది కాదు’ అని రాసి కింద రెండు గీతలు కొట్టాను.

నాన్నగారు ఆ నోట్సు పుస్తకాన్ని మర్నాడు పొద్దున్నే కొట్టుకు పట్టుకెళ్ళారు, వెనకే నేనూ వెళ్ళాను. చేపల వ్యాపారులందరూ ఉన్నారు. “మా అమ్మాయి సైన్సు ప్రకారం తేల్చిందండీ. కరిగేది ఇంతే. మిగతాది కాళ్ళొచ్చి నడిచిపోయింది” అన్నారు. బాబాయి గునపం గోడకు ఆనించి నా వైపు చూశాడు.

“ఏదండీ, ఆ పుస్తకం ఒకసారి చూపించండి.”

చూపించాను. చాలాసేపు చూశాడు. ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ తప్ప అందులో ఏముంది.

“ఇందులో నా పేరెక్కడుందండీ అమ్మాయిగారూ?”

ఆయన తుండు దులుపుకుని, “సరేనండి” అని నాన్నగారికి దణ్ణం పెట్టి సైకిల్ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు సైకిల్ మీద సంచి లేదు. తప్పు బయటపడిందిగా, అందుకే లేదు అనుకున్నాను నేను.

తర్వాత వారం రోజులకు కూడా ఐసు తరుగు ఆగలేదు. ఇంకాస్త ఎక్కువైంది కూడా. నాన్నగారు కొత్తగా పెట్టుకున్న మనిషిని అనుమానించారు, తర్వాత పక్కనున్న చేపల మేతల కొట్టువాణ్ణి, చివరికి వెనక గోడలో ఇటుకలు కదులుతున్నాయేమోనని కర్రతో కొట్టి చూశారు. నాకు లోపల ఎక్కడో పురుగు తొలిచినట్టుంది. కానీ నా లెక్కలో తప్పు కనబడలేదు. కనబడాలని నేనూ అంతగా వెతకలేదు.

అప్పుడు కాలేజీ ల్యాబులో ఐసు గుప్తోష్ణం కనుక్కునే ప్రయోగం వచ్చింది. మాది ఐసు కొట్టు కాబట్టి ఐసు తెచ్చే పని నాదే. కెలోరీమీటర్‌లో గోరువెచ్చని నీళ్ళు, అందులో తుడిచిన ఐసు ముక్కలు, మూత, మూతలోంచి థర్మామీటర్. అందరికీ పుస్తకంలో ఉన్న విలువకు దగ్గరగా వచ్చింది. వాళ్ళంతా సీనియర్ల రికార్డులోంచి దించేశారని నాకు తెలుసు. నేను నిజంగా చేశాను, నాకు మాత్రం ఎంతో దూరంగా వచ్చింది. మళ్ళీ చేశాను. ఇంకా దూరం పోయింది. థర్మామీటర్ మంచిది కాదన్నాను. తరాజు మంచిది కాదన్నాను. మేడమ్ నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

“మూడోసారి చెయ్యమ్మా, నేను చూస్తాను.”

చేస్తున్నాను. ఐసు పూర్తిగా కరిగిందో లేదోనని మూత కొంచెం ఎత్తి చూశాను. వేశాను. మళ్ళీ ఎత్తాను.

“ఎన్నిసార్లు ఎత్తావు?” అన్నారు మేడమ్, వినబడీ వినబడనంత మెల్లగా.

“చూడకపోతే ఎలా తెలుస్తుంది మేడమ్, కరిగిందో లేదో?”

“నువ్వు ఎత్తినప్పుడల్లా సిస్టమ్ హద్దు తెగుతోంది. బయటి గాలి లోపలికి పోతోంది. ఇది ఏలూరు, గాలి నిండా తేమ. ఆ ఆవిరి చల్లటి దాని మీద నీరై దిగుతుంది. నీరయ్యేటప్పుడు అది తన వేడిని అక్కడే వదిలేస్తుంది. ఒక గ్రాము ఆవిరి వదిలిన వేడికి ఏడు గ్రాముల ఐసు కరిగిపోతుంది. నీ లెక్కలో ఐసు ఉంది, నీళ్ళున్నాయి. మూత ఎత్తే చెయ్యి ఎక్కడుందమ్మా?”

నా చెవుల్లో బాబాయి గొంతు వినబడింది. ఇందులో నా పేరెక్కడుందండీ. ఆ పూట మిగతా ప్రయోగం ఎలా పూర్తి చేశానో నాకు గుర్తు లేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్క మొదటి నుంచీ తలుచుకున్నాను. నా పెట్టె థర్మోకోల్‌ది, మా గది ఇటుకలది. నేను పెట్టెలో పెట్టింది పొడి ఊక, గదిలో ఉన్నది తడిసి ముద్దయిన ఊక. తడిసిన ఊక వేడిని ఆపదు, లోపలికి పంపిస్తుంది. నా పెట్టెను ఒక రోజంతా ఎవరూ తెరవలేదు, మా గదిని రోజుకు మూడుసార్లు తెరిచి, పగలగొట్టి, ఎండ వేళ కాటా మీద పెట్టాం. దశాంశాలు వదలని దాన్ని, మా నాన్నగారిని వదిలేశాను. నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

ఐసు గది నేలకు ఒక తూము ఉంది. కరిగిన నీళ్ళు గొట్టంలోంచి వెనక మురికి కాలువలోకి పోతాయి. విరిగిన పెట్టెల గుట్ట వెనకాల ఉండటంతో ఆ గొట్టాన్ని ఎవరూ పట్టించుకోరు. దాని కింద ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టాను.

“ఇక ఐసు తూచకండి నాన్నగారూ. నీళ్ళు తూద్దాం” అన్నాను.

“ఐసు తూచకపోతే పోయిందో లేదో ఎలా తెలుస్తుందే?” అన్నారు. నేను ల్యాబులో అన్న మాటే.

బతిమాలి ఒప్పించాను. మొదటి రోజు ఆయన పద్ధతిలో మూడుసార్లు తీసి తూచాం. రెండో రోజు పొద్దున్న ఒక్కసారి తీసి, మళ్ళీ మర్నాడు పొద్దుటి దాకా తలుపు ముట్టుకోలేదు. ఆ రెండో రోజంతా నాన్నగారు కొట్టు ముందు కూర్చుని, పంటి నొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టుకుని మొలతాడు చెవి తడుముకుంటూనే ఉన్నారు. రెండో రోజు డ్రమ్ములోకి మొదటి రోజు వచ్చినదాంట్లో సగం నీళ్ళే వచ్చాయి. పైగా మొదటి రోజు, అమ్మినది పోను గదిలో ఎంత ఐసు తగ్గిందో అంత బరువు నీళ్ళూ వచ్చాయి, ఇంకా కొంచెం ఎక్కువే వచ్చాయి.

“ఎక్కువెలా వస్తాయి? ఎవడో కావాలని నీళ్ళు పోశాడు” అన్నారు నాన్నగారు.

“పోసింది గాలండి” అని ఆవిరి సంగతి చెప్పాను. ఆయన డ్రమ్ములోకి వంగి చూశారు. తర్వాత, “మరి ఆ గోనె సంచి?” అన్నారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ప్రశ్న నాకూ ఉంది. మర్నాడు నేను లంక ఊరికి వెళ్ళింది తప్పు ఒప్పుకోవడానికే, కానీ సంచి సంగతి చూడటానికి కూడా. బాబాయి ఇంటి ముందు చేపల మేత సంచులు కుట్టి చేసిన పట్టా పరిచి ఉంది. దాని మీద ఊక పల్చగా ఆరబోసి ఉంది. అక్కడక్కడా మా గోనె పీచులు కనిపించాయి. మా ఊకే.

“మార్చొద్దన్నారు కదండి” అన్నాడు బాబాయి. “అందుకని రోజుకో సంచి తడి ఊక తెచ్చి, మర్నాడంతా ఎండలో ఆరబెట్టించి, ఎండినది ఆ తర్వాత పొద్దున్నే పట్టుకెళ్ళి కప్పేవాణ్ణి. ఇది ఆఖరి సంచండి. మీది మీకు ఇచ్చేద్దామంటే అటు రావడానికి మొహం చెల్లలేదు.”

“అప్పుడే చెప్పచ్చు కదా బాబాయీ.”

“ఎవరూ అడగలేదు కదండీ.”

నేను అక్కడే ఏడ్చాను. ఆయన మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు, కూర్చోమన్నాడు, ఏడవద్దని మాత్రం అనలేదు. నోట్సు తీసి తప్పు ఎక్కడ జరిగిందో అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“ఇక్కడ చెబితే నాకు చాలదండి అమ్మాయిగారూ. ఏ ఐసు కొట్టుకు వెళ్ళినా, సైన్సు ప్రకారం తేలిందంట కదా అంటున్నారు. మీ నాన్నగారు దొంగన్నా జనం పది రోజులకు మర్చిపోయేవారండి. పుస్తకంలో తేలింది ఎవరూ మర్చిపోవట్లేదు. అక్కడ చెప్పాలండి.”

మర్నాడు పొద్దున్నే, వ్యాపారులందరూ కాటా చుట్టూ ఉన్నప్పుడు చెప్పాను. నోట్సులో ఆ పేజీ అందరి ముందూ తెరిచి, రెండు గీతలు కొట్టిన చోట అడ్డంగా కొట్టేశాను. నాన్నగారు నా పక్కన నిలబడ్డారు, తల ఎత్తలేదు.

“అయితే దొంగెవరమ్మా?” అన్నాడు ఒక వ్యాపారి నవ్వుతూ.

“మేమేనండి. మేం తూచినప్పుడల్లా పోయింది.”

ఆ మాట సాయంత్రానికి కైకలూరు బజారంతా తిరిగింది. రెండు రోజుల తర్వాత బాబాయి వచ్చాడు. సైకిల్ దిగకుండానే చెప్పాడు, పాత ఊక తీసేసి కొత్త ఊక వెయ్యాలి, తాళం ఒకటే ఉండాలి, చెవి తన దగ్గర ఉండాలి, పొద్దున ఒకసారి తీశాక మర్నాటి దాకా ఎవరూ తలుపు తియ్యమని అడగకూడదు. నాన్నగారు మొలతాడు నుంచి చెవి విప్పడానికి చాలాసేపు పట్టింది. ముడి బిగుసుకుపోయిందన్నారు.

ఇప్పుడు నేనూ ఏలూరులోనే పిల్లలకు థర్మోడైనమిక్స్ చెబుతున్నాను. మొదటి క్లాసులో గుండ్రని గీత గీశాక, ఆ గీత పక్కన ఒక చెయ్యి కూడా గీస్తాను. పిల్లలు ఎందుకని అడుగుతారు. మూత ఎత్తే చెయ్యి అంటాను. కానీ వాళ్ళకు చెప్పనిది ఒకటుంది.

బాబాయి మళ్ళీ పనిలో చేరిన మొదటి రోజు సాయంత్రం, కాలేజీ నుంచి తిన్నగా కొట్టుకు వెళ్ళాను. ఐసు గది తలుపు మూసి ఉంది, తడి గోనె కట్టి ఉంది. నాన్నగారు దాని వైపు చూడకుండా కూర్చున్నారు. నేను మంచినీళ్ళకు వెళ్తున్నట్టు వెనక్కి వెళ్ళాను. విరిగిన పెట్టెలు జరిపి, గొట్టం కింద చెయ్యి పెట్టి, నీళ్ళు ఎంత వస్తున్నాయో చూడటం మొదలెట్టాను. ఎందుకు చూస్తున్నానో నాకే తెలీదు. అంతా తేలిపోయాక కూడా నా చెయ్యి దానంతటదే వెళ్ళింది. తల ఎత్తేసరికి బాబాయి గోడ మలుపులో నిలబడి ఉన్నాడు.

“ఎన్ని చుక్కలు వచ్చాయండీ అమ్మాయిగారూ?” అని అడిగాడు.

గొంతులో కోపం లేదు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని చున్నీకి తుడుచుకున్నాను. పాపా అని ఒక్కసారి పిలుస్తాడేమోనని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయన నేను జరిపిన పెట్టెల్ని ఒక్కొక్కటే తీసి మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టి, కొట్టులోకి వెళ్ళిపోయాడు.